ముందు నీళ్ళు, ఆ తర్వాతే అనిమోన్



రాజాం నుంచి ఎటు చూసినా సముద్రం కనబడదు. చీపురుపల్లి దారి పట్టినా, పాలకొండ దారి పట్టినా పొలాలు, తోటలు, చెరువులే. అయినా ఈ ఊళ్ళో ఒక ఇంటి హాల్లో సముద్రపు జీవిని ఏళ్ళ తరబడి బతికించుకోవచ్చు. సీ అనిమోన్ గురించి చెబుతున్నాను. నారింజరంగు మీద తెల్ల పట్టీలున్న క్లౌన్ ఫిష్ దూరి దాక్కునే జీవి అంటే పిల్లలు వెంటనే గుర్తుపడతారు. 2003లో వచ్చిన 'ఫైండింగ్ నీమో' సినిమా పుణ్యమా అని ఆ చేపా, ఆ అనిమోనూ ఇంటింటికీ పరిచయమయ్యాయి. పిల్లలు ముచ్చటపడ్డారని తొట్టె, చేప, అనిమోన్ అన్నీ ఒకేరోజు కొనుక్కొచ్చే తల్లిదండ్రులున్నారు. అలా తెచ్చిన అనిమోన్ సాధారణంగా కొద్ది వారాలకే కరిగిపోతుంది. వాళ్ళు షాపుకి వెళ్ళేలోపే ఈ నాలుగు మాటలు వాళ్ళ చెవిన వెయ్యాలని నా తాపత్రయం.

చూడ్డానికి పువ్వే గానీ అనిమోన్ జంతువు. జెల్లీఫిష్‌కీ పగడానికీ దగ్గరి చుట్టం. అడుగున ఒక పాదం ఉంటుంది, దాంతో రాతిని గట్టిగా పట్టుకుంటుంది. పైన పళ్ళెంలాంటి ముఖం, దాని నడుమ నోరు, చుట్టూ నీళ్ళతోపాటు ఊగే స్పర్శకాలు. ఆ స్పర్శకాల నిండా కంటికి కనబడని కుట్టే కణాలు. మెదడు లేదు, గుండె లేదు, మొప్పలూ లేవు. తినేదీ ఆ నోటితోనే, విసర్జించేదీ ఆ నోటితోనే. ఇంత సాదాసీదా జంతువు కదా, పెంచడం తేలికేమో అనిపిస్తుంది. అసలు కష్టమంతా అక్కడే ఉంది. ఒళ్ళంతా నీటికి తెరిచి ఉండే ప్రాణి కాబట్టి నీళ్ళలో ఏ తేడా వచ్చినా నేరుగా దాని ఒంట్లోకే పోతుంది. చేప ఓర్చుకునే తేడాలు చాలావాటిని అది ఓర్చుకోలేదు.

మరి నీళ్ళు సరిగ్గా ఉంటే ఎన్నాళ్ళు బతుకుతుంది? స్కాట్లాండ్‌లో సర్ జాన్ డాలియెల్ అనే ప్రకృతి శాస్త్రవేత్త 1828లో నార్త్ బెరిక్ తీరపు రాళ్ళ మీది నుంచి ఒక ఎర్ర అనిమోన్‌ని తెచ్చి, ఎడిన్‌బరోలో ఒక గాజు జాడీలో పెంచాడు. ఆయన 1851లో పోయాడు. అనిమోన్ పోలేదు. ఆయన తర్వాత ఒకరి చేతుల్లోంచి ఒకరి చేతుల్లోకి, ఆఖరికి ఎడిన్‌బరో వృక్షోద్యానం అధికారుల దగ్గరికి చేరింది. జాడీలోనే వందల పిల్లల్ని కన్నది. జనం దానికి 'గ్రానీ' అని పేరు పెట్టి, అంటే మన నాయనమ్మ అన్నమాట, పనిగట్టుకుని చూడ్డానికి వచ్చేవారు. 1887 ఆగస్టులో చనిపోయింది. ఒక గాజు జాడీలో 59 ఏళ్ళు!

ఆ రోజుల్లో అక్కడ మోటారు లేదు, ఫిల్టరు లేదు, కరెంటు లైటు లేదు. ఉన్నదల్లా తాజా సముద్రపు నీళ్ళు తెప్పించి ఓపిగ్గా మార్చే మనిషి. మేత కూడా ఎంత? పదిహేను రోజులకోసారి సగం ఆల్చిప్ప మాంసం. మనవాళ్ళు వేలకు వేలు పోసి పరికరాలు కొంటారు, నీళ్ళు మార్చడానికి మాత్రం బద్ధకిస్తారు. పైగా ప్రేమకొద్దీ రోజూ మేత వేస్తారు. గ్రానీ సంగతి విన్నాక ఈ రెండు అలవాట్లూ మార్చుకోవాలని నేను గట్టిగా చెబుతాను.

సరే, రాజాంలో సముద్రపు నీళ్ళు ఎలా? పక్కనే శ్రీకాకుళం జిల్లాలో నౌపడ ఉప్పు మడులున్నాయి కదా, ఆ ఉప్పు మంచినీళ్ళలో కలిపేస్తే సరిపోదా అని చాలామంది అడుగుతారు. సరిపోదు. ఎందుకో ఆ మడుల దగ్గరే తెలుస్తుంది. సముద్రపు నీళ్ళు ఎండకు ఇగురుతుంటే అందులో ఉన్నవన్నీ ఒకేసారి గడ్డకట్టవు. ముందు సున్నం దిగుతుంది, తర్వాత జిప్సం దిగుతుంది, ఆ తర్వాత మనం కూరలో వేసుకునే ఉప్పు పేరుకుంటుంది. మెగ్నీషియం లవణాలు చివరిదాకా నీళ్ళలోనే ఉండిపోతాయి. నాలుక మీద వేసుకుంటే చేదుగా ఉండే ఆ మిగులు నీళ్ళని వదిలేస్తారు. అంటే మన చేతికొచ్చే ఉప్పులోంచి సున్నం ముందే పోయింది, మెగ్నీషియం తర్వాత పోయింది. లీటరు సముద్రపు నీళ్ళలో సుమారు 35 గ్రాముల లవణాలుంటే అందులో 30 గ్రాములు సోడియం, క్లోరైడ్. మిగతా అయిదు గ్రాముల్లో మెగ్నీషియం, సల్ఫేటు, కాల్షియం, పొటాషియం వగైరా అన్నీ ఉంటాయి. అనిమోన్‌కి ఆ అయిదు గ్రాములూ కావాలి. అందుకని అక్వేరియంకోసం తయారుచేసి అమ్మే సముద్ర లవణ మిశ్రమమే కొనాలి. రెండు వందల లీటర్ల తొట్టెకి ఏడు కిలోలదాకా పడుతుంది.

తీరానికి వెళ్ళి డబ్బాలతో నీళ్ళు పట్టుకొస్తామంటే తప్పేం లేదు, గ్రానీకి అదే పోశారు. కానీ ఎక్కడ, ఏ నెలలో పడుతున్నామో చూసుకోవాలి. మన తీరంలో నాగావళి, వంశధార ఏళ్ళ తరబడి మంచినీళ్ళు తెచ్చి పోస్తూనే ఉన్నాయి. వంశధార కలిసే కళింగపట్నం దగ్గర వానాకాలంలో పట్టిన నీళ్ళు సముద్రపు నీళ్ళు కావు, సగం నదే. నదీముఖానికి దూరంగా వెళ్ళినా సెప్టెంబరు నుంచి నవంబరుదాకా జాగ్రత్త అవసరం. ఉత్తరాన గంగ, మహానది వరదనీళ్ళు బంగాళాఖాతంలో కలిసి, వానాకాలం పోయే రోజుల్లో తీరం వెంబడి దక్షిణానికి ప్రవహిస్తాయి. అప్పుడు విశాఖ దగ్గర సముద్రంలో కూడా ఉప్పదనం బాగా పడిపోతుంది. 1950ల్లో లఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఆంధ్ర విశ్వవిద్యాలయానికి వచ్చి పనిచేసిన కాలం నుంచీ వాల్తేరు శాస్త్రవేత్తలు ఈ మార్పుల్ని కొలిచి చూస్తూనే ఉన్నారు. వేసవిలో పట్టిన డబ్బా, దీపావళికి పట్టిన డబ్బా ఒకే నీళ్ళు కావని గుర్తుంటే చాలు. ఏ నీళ్ళయినా ఉప్పదనం కొలిచే రిఫ్రాక్టోమీటరులో ఒక చుక్క వేసి చూశాకే తొట్టెలో పొయ్యాలి. సాంద్రత 1.024, 1.026 మధ్య ఉండాలి.

లవణ మిశ్రమం కలపడానికి బోరు నీళ్ళు పనికిరావు. ఆర్వో నీళ్ళే వాడండి. ఇంకొకటి, ఇది చాలా ఇళ్ళలో గమనించరు. తొట్టెలో నీళ్ళు రోజూ ఇగురుతాయి. ఇగిరేది నీరే, ఉప్పు లోపలే ఉండిపోతుంది. తగ్గిన మట్టాన్ని ఉప్పునీళ్ళతో నింపితే రోజురోజుకీ ఉప్పు పెరుగుతూ పోతుంది. అద్దం మీద టేపు ముక్క ఒకటి అంటించి, మట్టం అక్కడికి వచ్చేదాకా ఉత్త ఆర్వో నీళ్ళు పొయ్యాలి. ఉప్పునీళ్ళు పోసేది వారానికోసారి పాత నీళ్ళు కొంత తీసి కొత్తవి పోసేటప్పుడు మాత్రమే.

ఇలా నీళ్ళు సిద్ధమయ్యాక వెంటనే అనిమోన్ తేవచ్చా? వద్దు. ఆవకాయ ఊరాలి అన్నట్టే తొట్టె కూడా ఊరాలి. చేపల మలమూత్రాల్లోంచి, మిగిలిన మేతలోంచి అమ్మోనియా పుడుతుంది. దాన్ని నైట్రైటుగా, నైట్రైటుని నైట్రేటుగా మార్చే బాక్టీరియా రాళ్ళ మీద, ఇసుకలో స్థిరపడడానికే నెల, నెలన్నర పడుతుంది. అమ్మోనియా, నైట్రైటు రెండూ సున్నా చూపించిన రోజున గట్టి చేప ఒకటి తెచ్చుకోవచ్చు. అనిమోన్‌కి ఇంకా టైముంది. కొత్త తొట్టెలో ఉప్పదనం, పీహెచ్, వేడి పైకీ కిందికీ ఊగుతూనే ఉంటాయి. ఆరు నెలలు తక్కువ కాకుండా ఆగమంటాను, ఏడాది ఆగితే మరీ మంచిది. షాపువాడు ఈ మాట చెప్పకపోవచ్చు. పిల్లలకి మీరే నచ్చజెప్పాలి.

గ్రానీకి లైటు అక్కర్లేదు, అది చల్లటి సముద్రపు జాతి. క్లౌన్ ఫిష్‌కి ఆశ్రయమిచ్చే మన ఉష్ణ సముద్రాల అనిమోన్లకి వెలుగే ప్రధాన భోజనం. వాటి ఒంటి కణాల్లో అతి సూక్ష్మమైన శైవలాలు కాపురముంటాయి. అవి వెలుతురుతో చక్కెర తయారుచేసి అందులో ఎక్కువ భాగం అనిమోన్‌కే ఇస్తాయి. దాని గోధుమరంగు, పచ్చదనం చాలావరకు ఈ శైవలాలవే. షాపులో తెల్లగా మెరిసిపోతూ కనిపించే అనిమోన్ అందంగా ఉందని ఎక్కువ ధర పెట్టి కొంటారు. అది ఆ శైవలాల్ని పోగొట్టుకుని ఆకలితో ఉన్న జీవి. నిమ్మపండు పసుపో, ముదురు గులాబీయో అయితే రంగు వేసిందేమోనని అనుమానించాలి. స్పర్శకాలు వేలికి కాస్త అతుక్కోవాలి, నోరు బిగించి ఉండాలి, పాదం చిరగకుండా ఉండాలి. ఇవి మూడూ చూసి, వీలైతే బబుల్ టిప్ అనే జాతిని అడగండి. ఇంటి తొట్టెకి అంతకంటే అనువైనది లేదని నా అభిప్రాయం. కార్పెట్ అనిమోన్లు చాప పరిచినట్టు పెద్దగా పెరుగుతాయి, వాటి కుట్టు గట్టిది, తొట్టెలో చేపల్ని పట్టి తింటాయి కూడా. కొత్తవాళ్ళు వాటి జోలికి పోకూడదు.

ఎండాకాలం మన ప్రాంతంలో అసలు పరీక్ష. నీళ్ళు 25, 27 డిగ్రీల మధ్య ఉండాలి. 30 దాటి కొన్నాళ్ళు నిలిచిందంటే అనిమోన్ తన శైవలాల్ని వదిలేసి తెల్లబడుతుంది. సముద్రం వేడెక్కినప్పుడు పగడాలకీ ఇదే గతి పడుతోంది. నీళ్ళని చల్లబరిచే చిల్లర్ కొనే స్తోమత లేకపోతే తొట్టె మూత తీసి నీటి మీదికి అడ్డంగా ఫ్యాను పెడితే రెండు మూడు డిగ్రీలు తగ్గుతుంది. అయితే పడమటి గాలి పొడిగా వీచే రోజున పనిచేసినంత బాగా, మబ్బు పట్టి ఉక్కపోసే రోజున ఫ్యాను పనిచెయ్యదు. గాలిలో తేమ నిండుగా ఉంటే నీళ్ళు ఇగరవు, ఇగరకపోతే చల్లబడవు. అలాంటి రోజుల్లో తొట్టె ఉన్న గదికి ఏసీ తప్పదు. తొట్టె పెట్టేటప్పుడే పడమటి గోడకీ, వంటింటికీ దూరంగా పెట్టుకోండి.

ఇక కరెంటు. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చింది, 2018 అక్టోబరు 11న తిత్లీ వచ్చింది. తిత్లీ తర్వాత ఉద్దానం పల్లెల్లో కరెంటు రావడానికి ఎన్నాళ్ళు పట్టిందో మనకి తెలుసు. అక్టోబరు వస్తే తుపాను వస్తుందనుకునే సిద్ధపడాలి. కరెంటు పోగానే తొట్టెలో ముందు తగ్గేది ప్రాణవాయువు. బ్యాటరీతో నడిచే చిన్న గాలి పంపు ఇంట్లో ఉంచుకుంటే, మోటార్లలో ఒక్కదాన్ని ఇన్వర్టరుకి కలిపితే సగం బెంగ తీరుతుంది. ఆ బ్యాటరీ కూడా అయిపోతే? 1846లో ఇంగ్లండులో ఆనా థిన్ అనే ఆవిడ టార్కీ తీరం నుంచి లండన్‌కి బతికున్న పగడాలు తీసుకెళ్ళింది. వాటి నీళ్ళకి గాలి పట్టించడానికి పనమ్మాయి చేత రోజూ కిటికీ దగ్గర ఒక పాత్రలోంచి మరో పాత్రలోకి ఎత్తి పోయించేది. మనకీ అదే ఆఖరి దారి. మగ్గుతో తొట్టెలో నీళ్ళు తీసి, జానెడు పైనుంచి సన్నటి ధారగా తిరిగి పొయ్యాలి. ఇంట్లోవాళ్ళు వంతులు వేసుకుని గంటకోసారి కాసేపు చేస్తే ప్రాణాలు నిలుస్తాయి. ఆ రోజుల్లో మేత పూర్తిగా మానెయ్యాలి. డబ్బాలాంటి మూత ఫిల్టరు ఉంటే, కరెంటు వచ్చాక అందులో నిలిచి కుళ్ళిన నీళ్ళు పారబోశాకే స్విచ్ వెయ్యాలి.

అనిమోన్ ఇంటికొచ్చిన మొదటి వారం దాని ఇష్టమే చెల్లుతుంది. ఫలానా రాతి మీద బాగుంటుందని మనం పెడతాం. తెల్లారి లేచి చూస్తే అది అక్కడ ఉండదు. పాదాన్ని అంగుళం అంగుళం జరుపుకుంటూ రాత్రికి రాత్రే వెలుతురు, నీటి ఒరవడి తనకి నచ్చినచోటికి పోతుంది. వెతికి పట్టుకుని మళ్ళీ పాతచోట పెట్టకండి. అది తిరిగే రోజుల్లో ప్రమాదమల్లా నీళ్ళు తిప్పే పవర్ హెడ్ మోటారుతోనే. మోటారు నోటికి స్పాంజో, సన్నటి జల్లెడో తొడగకపోతే అనిమోన్ అందులోకి లాగబడి తునాతునకలవుతుంది, ఆ ముక్కలతో తొట్టె మొత్తం పాడవుతుంది. ఈ జాగ్రత్త అనిమోన్ రాకముందే తీసుకోవాలి.

మేత పెట్టే వేళ దగ్గరగా కూర్చుని చూడండి. బజారులో దొరికే పచ్చి వనామీ రొయ్య ఒలిచి, కడిగి, చిటికెన వేలి గోరంత ముక్క చాలు. ప్లాస్టిక్ చిమటాతో ఆ ముక్కని స్పర్శకాలకి ఆనించాలి. తగిలిన రెండు మూడు స్పర్శకాలు వెంటనే అతుక్కుంటాయి. పక్కనున్నవి ఒక్కొక్కటే వంగి వచ్చి చెయ్యి వేస్తాయి. ముఖం ఆ వైపు గుంటలా లోపలికి కుంగుతుంది. నోరు నెమ్మదిగా తెరుచుకుని ముక్కని అందుకుంటుంది. కొన్ని నిమిషాల్లో ముక్క కనబడదు. మర్నాడు మిగులుని జిగురు చుట్టి అదే నోటితో బయటికి వదులుతుంది, దాన్ని తీసెయ్యాలి. వారానికి ఒకటి, మహా అయితే రెండుసార్లు ఇలా పెడితే చాలు. ముక్క పెద్దదైతే అరగక కక్కేస్తుంది. చేతులు పెట్టేవాళ్ళు గ్లవుజులు వేసుకోండి, తర్వాత కళ్ళు నులుముకోకండి.

క్లౌన్ ఫిష్ లేకపోయినా అనిమోన్ హాయిగా బతుకుతుంది. ఉంటే చేప వ్యర్థాలు అనిమోన్‌లోని శైవలాలకి ఎరువవుతాయి, దాన్ని కొరకవచ్చే చేపల్ని క్లౌన్ తరుముతుంది. ఈ స్నేహాన్ని 1860ల్లో బోర్నియో సముద్రాల్లో చూసి శాస్త్రలోకానికి చెప్పినవాడు కలింగ్‌వుడ్ అనే ఇంగ్లీషు వైద్యుడు. చేప కొనాలనుకుంటే హేచరీలో పుట్టినదాన్నే అడగండి. కేంద్ర సముద్ర మత్స్య పరిశోధన సంస్థ తమిళనాడులోని మండపంలోనూ, కేరళలోని విళింజంలోనూ క్లౌన్ చేపల్ని గుడ్డు నుంచి పెంచి చూపించింది. ఇక సముద్రంలోంచి పట్టినవాటితో మనకి పనేముంది?

ఒక్కోసారి అనిమోన్ గుప్పెడంతకి ముడుచుకుపోతుంది. లోపలి పాత నీళ్ళు వదిలి కొత్తవి తీసుకుంటోంది, కంగారు పడక్కర్లేదు. నోరు వదులుగా తెరిచి లోపలి పొరలు బయటికొచ్చి, పాదం పట్టు వదిలి, ఒళ్ళు దారాలుగా ఊడుతుంటే మాత్రం ఆ గంటలోనే బయటికి తియ్యాలి. లేకపోతే మిగతా తొట్టెని కూడా తనతో తీసుకుపోతుంది. చేపల జబ్బుకి వాడే రాగి మందు ఈ తొట్టెలో ఒక్క చుక్క కూడా పడకూడదు. చేపకి మేలుచేసే రాగి అనిమోన్‌కి విషం.

ఇప్పుడు నాకు అన్నింటికంటే ముఖ్యమనిపించే మాట. విశాఖలో రుషికొండ, జోడుగుళ్ళపాలెం, తెన్నేటి పార్కు దగ్గర నీళ్ళు తీసిన వేళ రాళ్ళ సందుల్లో అనిమోన్లు కనిపిస్తాయి. ఒంటికి గవ్వ ముక్కలు, ఇసుక అంటించుకుని గులకరాళ్ళ ముద్దలా ముడుచుకుని ఉంటాయి. పొరపాటున కాలు పడితే చివ్వున నీళ్ళు చిమ్ముతాయి. ఈస్ట్ కోస్ట్ కన్జర్వేషన్ టీమ్ వాళ్ళు ఈ రాళ్ళ మీదికి జనాన్ని తీసుకెళ్ళి చూపిస్తుంటారు, పిల్లల్ని తప్పక తీసుకెళ్ళండి. చూసి రండి, పెకలించి తేకండి. రాతికి కరుచుకున్న పాదాన్ని కత్తితో లేపితే అది చిరుగుతుంది, చిరిగిన పాదం కుళ్ళుతుంది. ఇంగ్లండులో ఫిలిప్ హెన్రీ గాస్ 1854లో 'ది అక్వేరియం' అనే పుస్తకం రాశాడు. ప్రకృతి మీద ప్రేమతో రాసిన పుస్తకమే. అది చదివి జనం బుట్టలు, ఉలులు పట్టుకుని డెవన్ తీరం మీద పడ్డారు. తండ్రి వర్ణించిన ఆ రాతి గుంటలు ఎలా ఖాళీ అయిపోయాయో ఆయన కొడుకు ఎడ్మండ్ గాస్ 1907లో బాధతో రాశాడు. మన రుషికొండకి ఆ గతి పట్టకూడదు. పగడాల విషయంలో చట్టం కూడా ఉంది. 2001 నుంచి గట్టి పగడాలన్నీ వన్యప్రాణి సంరక్షణ చట్టం మొదటి షెడ్యూలులో ఉన్నాయి. లైవ్ రాక్ పేరుతో పగడం అంటుకున్న రాయి అమ్మితే కొనకండి. సిరామిక్ రాయితో తొట్టె చక్కగా నడుస్తుంది.

మరి తొట్టెకి అనిమోన్ ఎక్కణ్ణుంచి వస్తుందంటే, ఇంకొకరి తొట్టెలోంచే రావాలి. బబుల్ టిప్ బాగా కుదురుకున్నాక ఒకనాడు రెండు వైపులకీ సాగి, నిలువునా చీలి రెండవుతుంది. చూసినవాళ్ళు చచ్చిపోతోందనుకుంటారు. చీలిన అంచులు మూసుకుని రెండింటికీ నోళ్ళు ఏర్పడేదాకా కొన్ని వారాలు కదపకుండా ఉంచితే, ఒకటి స్నేహితులకి ఇవ్వచ్చు. పాదాన్ని రాతి నుంచి ఊడదియ్యాలని చూడకండి. చిన్న రాయి మీద ఉన్నదాన్ని ఎంచుకుని రాయితో సహా ఇవ్వండి. రెండు రోజుల ముందే మేత ఆపండి. సంచిలో మూడో వంతు నీళ్ళు, మిగతాది గాలి ఉండేలా కట్టండి. పుచ్చుకున్నవాళ్ళు సంచిలో నీళ్ళని ఒక గిన్నెలో పోసి, తమ తొట్టె నీళ్ళని సన్నటి గొట్టంతో చుక్కచుక్కగా గంటసేపు అందులోకి వదలాలి. ఆ తర్వాత రాయిని తొట్టెలో దింపి, ఆ పూటకి లైటు ఆర్పి ఉంచాలి. మొదటి మేత పాదం గట్టిగా పట్టుకున్నాకే.